కృష్ణరాయల వివాహము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో శ్రీకృష్ణదేవరాయల పేరెరుగని యిల్లు లేదు. కాని ఆ యెరుక యెట్టిది? రామలింగని పిల్లి పాలగిన్నెను చూచి పారిపోవగా తెల్లబోయిన రాజు. పండితులు కలహించుచుండగా మీసములలో నవ్వుకొను రాజు. కోపము వచ్చినపుడు కవిని శిక్షింప బూని, నవ్వు వచ్చినపుడు క్షమించి విడిచిపెట్టు రాజు. తాతలు చెప్పగా మనము విన్న రాయలు ఇంతమాత్రమే. తెనాలి రామకృష్ణుడు రాయల యాస్థానమున నుండెనా లేదా యని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. ఆతని పాండురంగమాహాత్మ్యము విరూరి వేదాద్రికి అంకితమైనది గాని రాయలకు గాదు. అయినను కథలు నిలిచినవి. రాజుయొక్క నిజజీవితము వెనుకబడిపోయినది.

ఈ సీమకు రాయలతో గల సంబంధము హాస్యకథలకంటె దృఢమైనది. గుంటూరునకు పడమట నున్న కొండవీటిదుర్గము 1515 జూను మాసమున ఆతనికి వశమయ్యెను. అంతవరకు ఓఢ్రగజపతుల యేలుబడిలో నుండిన కొండవీటిసీమ, నేటి యీ మూడు పట్టణముల చుట్టుపట్ల నేలతో గూడ, విజయనగరసామ్రాజ్యమున చేరినది. దాని పాలన మహామంత్రి సాళువ తిమ్మరుసునకును, ఆయన మేనల్లుండ్రగు నాదెండ్ల అప్పకును, గోపకును దక్కినది. రేపల్లెవైపునుండి కృష్ణను దాటి యావలియొడ్డున కొంత యెగువకు పోయినచో శ్రీకాకుళము వచ్చును. కళింగదండయాత్రాసమయమున ఆ యూర విడిసి, ఏకాదశి నుపవసించిన తనకు ఆంధ్రవిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి తెలుగున కావ్యము చెప్పుమని యాజ్ఞాపించినట్లు రాయలే ఆముక్తమాల్యద పీఠికలో చెప్పుకొన్నాడు. ఆ కావ్యమున నేమున్నది? తులసివనమున దొరకిన పిల్లను, కన్నవారెవరో తెలియని పిల్లను, శ్రీరంగనాథుడంతటివాడు వలచి పెండ్లాడిన కథ యున్నది. ఇట్టి వస్తువు ఆ ప్రభువు మనస్సునకు అంత హత్తుకొనుటకు భక్తి యొక్కటియే కారణమా, స్వానుభవము కూడ కొంత తోడ్పడెనా యని యీ వ్రాతగానికి పలుమార్లు తోచినది. ఊహయే గాని రుజువు గాదు. కాని యా స్వానుభవము మాత్రము ఊహ గాదు. సింహాసనమునకు రానున్న రాజకుమారుడు వలచిన కన్యను పెద్దలు వలదనిరి. ఆతడు మాట తప్పలేదు. ఆ కథ యిది.

తుళువ నరసనాయకుడు సాళువ నరసింహరాయలకు సేనాని. ఆయనకు తిప్పాంబవలన వీరనరసింహుడును, నాగలాంబవలన కృష్ణరాయడును, ఓబాంబవలన రంగడును అచ్యుతుడును గలిగిరి. 1505 ప్రాంతమున వీరనరసింహుడు సాళువవంశమును తొలగించి తానే రాజయ్యెను. అనగా కృష్ణరాయని యౌవనకాలమునకు ఆ వంశముయొక్క రాచరికము తడి యారని గోడవంటిది. సామంతులలో తమకంటె వీరేమి యధికులని తలచువారు కొందరు, సమయమునకై వేచియుండువారు కొందరు. నాగలాంబ దాసియనియు, కృష్ణరాయడు దాసీపుత్రుడనియు శత్రువులు గేలి చేసిరని జనశ్రుతి కలదు. అందు నిజ మున్నను లేకున్నను, అట్టి మాట పుట్టి యిన్నాళ్లు నిలుచుటయే, కులగౌరవ మనునది ఆ వంశమునకు ఎంత నొప్పిగల చోటో తెలుపుచున్నది.

ఇక నీ ప్రణయవృత్తాంతమును మనకు దక్కించినవారు మన కవులు గారు. ఆస్థానకవులు రాజు విజయములను వర్ణించిరి, దానములను వర్ణించిరి, ఆతని భుజములను వర్ణించిరి. దీనిని మాత్రము ముట్టలేదు. పోర్చుగీసు దేశస్థు లిరువురు దీనిని వ్రాసిపెట్టిరి. ఒకడు 1520 ప్రాంతమున విజయనగరమును కన్నులార చూచిన పేసు. రెండవవాడు ఆ పిదప పదునైదేండ్లకు వచ్చి, గుఱ్ఱముల వర్తకము చేయుచు, నగరమున చెప్పుకొను సంగతులను పోగుచేసిన నూనిజు. ఈ రెండు వ్రాతలను మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేసిన రాబర్టు స్యూయలు ఇంగ్లీషులోనికి మార్చి 1900 సంవత్సరమున ప్రకటించెను. మన రాజు మనస్సును తెలిసికొనుటకు మనము లిస్బను తాళపుచెవి నడుగవలసివచ్చుట సిగ్గుచేటే యైనను, ఆ పరదేశులకు కృతజ్ఞత చెప్పకుండుట న్యాయము గాదు.

నూనిజు చెప్పినదెల్ల వేదవాక్యము గాదు. కొండవీట పట్టువడిన గజపతికుమారుడు వీరభద్రుని గూర్చి యాతడు చెప్పిన కథ చూడుడు. రాయలు ఆ కుమారుని కత్తిసాము చూడగోరి రాచపుట్టుక లేని యొక మల్లుని నెదుట నిలుపగా, హీనకులజుని తాకవలసివచ్చెనను నవమానమున ఆ కుమారుడు ప్రాణము తీసికొనెనట. కాని 1516 నాటి శాసన మొకటి అదే వీరభద్రుడు రాయల యనుగ్రహమున కన్నడదేశమున మలెగ బెన్నూరుసీమ నేలుచుండినట్లు చెప్పుచున్నది. కావున నూనిజు మాటలను సరిచూచుకొనుచు చదువవలెను. చిన్నాదేవి విషయమున నట్లు సరిచూచుకొనుటకు వీలున్నది. పదునైదేండ్లు ముందు వచ్చిన పేసు పేరు చెప్పకయే ఆ సంగతిని చెప్పినాడు. శాసనములు రాణియగు చిన్నాదేవి పేరును చెప్పినవి.

1509 లో వీరనరసింహుడు మరణశయ్యపై నుండెను. ఎనిమిదేండ్ల తన కుమారునకు రాజ్యము దక్కుటకై, సవతితమ్ముడగు కృష్ణరాయని కన్నులు పెరికించి తెచ్చి చూపుమని తిమ్మరుసు నాజ్ఞాపించెనని నూనిజు చెప్పుచున్నాడు. తిమ్మరుసు రాజకుమారుని గుఱ్ఱపుసాలకు గొనిపోయి సంగతి తెలిపెను. తనకు రాజ్య మక్కరలేదనియు, న్యాయముగా వచ్చినను వలదనియు, జోగియై యీ లోకమును దాటిపోవుటయే తన కోరిక యనియు ఆతడు మంత్రిని వేడుకొనెనట. తిమ్మరుసు మేకకన్నులను కొనిపోయి రాజునకు చూపి, రాజు కన్నుమూసిన పిమ్మట తమ్మునకు పట్టము గట్టెను. జోగినయ్యెదనని పలికిన యా యువకుని మనస్సు అప్పటికే నగరములోని యొక వేశ్యయింట చిక్కియుండెనను సంగతి మంత్రికి తెలియదు.

ఆమెయే చిన్నాదేవి. రాజ్యము వచ్చునను నమ్మకము లేని దినములలోనే కృష్ణరాయలు ఆమెను వలచెను. తాను రాజగుట సంభవించినచో ఆమెను పెండ్లాడుదునని మాట యిచ్చెను. ఒకమారు గాదు, పలుమార్లు. ఆ మాటను అడిగి పుచ్చుకొన్నది ఆమెయే యని పేసు వ్రాత. యువరాజుల ప్రణయవాగ్దానములకు లోకమున నెంత విలువ యుండునో యెల్లవారెరిగినదే. దుష్యంతుడంతటివానికి సహితము మరపు రాగా, కాళిదాసు ఆతనిని శాపముచేత కాపాడవలసివచ్చెను. కృష్ణరాయలకు మరపు రాలేదు. వచ్చినది మఱొకటి: లోకభయము. ఎంత వలపున్నను, రాజుగా తన గౌరవమును ఆమె పుట్టుకను తలచుకొని ఆతడు వెంటనే పెండ్లికి సాహసింపలేకపోయియుండును. ఆతనిని మచ్చలేని ధీరునిగా చిత్రించుట మనకు వలదు. సింహాసనమెక్కిన తరువాత ఏడాదిన్నర కాలము నగరము విడువక, రాజ్యవ్యవహారములు నేర్చుచు, పూర్వరాజులు వ్రాసిపెట్టిన మరణశాసనములను చదువుచుండెను. రాయచూరు, ఉదయగిరి, కొండవీడు దుర్గములను సాధింపవలెనను కోరిక యందులోనిదే. పగలు కొండవీటి నెట్లు కొట్టవలెనని తలపోయుచు, రాత్రులు ముసుగు వేసికొని యొంటరిగా ఆమె యింటికి పోవుచుండెను.

ఒకనాటి రాత్రి తిమ్మరుసు వెంటబడెను. రాజు లోనికి పోవుట చూచి తానును ఆ యింట నడుగుపెట్టి, అచ్చటనే ఆతనిని మందలించి, నగరునకు తోడ్కొనివచ్చెను. ఈ ఘట్టమును చదువునపుడు నవ్వుకొనక తప్పదు. మూడుసముద్రముల నడిమి నేల కధిపతి కానున్నవాడు, చెరువుగట్టున చుట్ట కాల్చుచు పట్టువడిన కుఱ్ఱవానివలె, ముసలిమంత్రివెంట తలవంచుకొని నడచుచున్నాడు. కాని తిమ్మరుసు మంత్రిమాత్రుడు గాడు. రాయలు ఆయనను అప్పాజీ యని పిలిచెడివాడు. కన్న తండ్రి గతించెను. అన్న కన్నులు తీయుమనెను. అన్నకొడుకును, తక్కిన తమ్ములను రాయలే చంద్రగిరికోటలో నిర్బంధించి యుంచెను. ఇక నాతనికి కుటుంబ మనదగినది ఆ యప్పాజీయే. అందుచేత ఆ రాత్రి అడ్డగించినది మంత్రాంగము మాత్రమే గాదు, యింటిపెద్ద.

ఆయన వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము గాదు. ఉమ్మత్తూరు పాలెగాడు తిరుగబడి యుండెను. తూర్పున గజపతి ఉదయగిరిని కొండవీటిని పట్టుకొని కూర్చుండెను. ఉత్తరమున బిజాపురసుల్తాను పొంచియుండెను. దాసీపుత్రుడను నింద యిదివరకే వినబడుచుండగా, వేశ్యను పట్టమహిషిని చేసికొన్నాడను మాట సామంతుల చెవి సోకినచో వారేమందురు? వారి కుమార్తెల నిత్తురా? వారి సేనలను పంపుదురా? తిమ్మరుసు ఆలోచన యిట్లు సాగియుండును. ఇది క్రూరుని యాలోచన గాదు, భయపడిన తండ్రి యాలోచన. మన యిండ్లలో సంబంధములు వచ్చినపుడు ఏడుతరములు వెదకు పెద్దలను చూచినవారికి ఆయన ముఖము పరిచితముగనే తోచును.

అయినను ఆ కాలపు మర్యాదలోని వింతను గమనింపవలెను. వేశ్యలు రాజు దేవేరుల సమక్షమునకు పోవచ్చుననియు, వారితో కూర్చుండి తాంబూలము సేవింపవచ్చుననియు, ఎంతటి గొప్పవారికిని లేని యీ యధికారము వారికి గలదనియు పేసు వ్రాసెను. రాణితో కలసి తమలపాకు నమలవచ్చును గాని తాను రాణి కాగూడదు! ఆదరమునకు లోటు లేదు, అంతస్తునకు తలుపు లేదు. మృచ్ఛకటికమున శూద్రకుడు ఈ ముడిని యెరిగినవాడు గనుకనే, కడపట కొత్తరాజగు ఆర్యకునిచేత వసంతసేనకు వధూశబ్దము నిప్పించెను. రాజు చారుదత్తుని ప్రియురాలి కీయగలిగినది తన ప్రియురాలికి ఇచ్చుకొనుటయే కష్టము.

రాయలు ఆ రాత్రి దాపరికము మానెను. తాను మాట యిచ్చితిననియు, ఎట్లయినను పెండ్లాడక మాననని నిశ్చయించితిననియు మంత్రికి తెగ జెప్పెను. ఇక తిరుగడని యెరిగి తిమ్మరుసు లొంగెను. లొంగియు తన లెక్క విడువలేదు. రాజునకు అపవాదు రాని విధమున తానే యీ కార్యమును నెరవేర్తునని చెప్పి, మొదట రాచపుట్టువు గల యొక సుందరిని వెదకి తెచ్చి వివాహము చేసెను. పేసు చెప్పిన రాణులలో నొకతె శ్రీరంగపట్టణపు రాజు కూతురు. మనవారు తిరుమలదేవి యనునది ఆమెనే. నంది తిమ్మన అరణపుకవిగా ఆమెవెంట వచ్చెనని ప్రతీతి. ఆ పెండ్లి ముగిసిన పిమ్మట తిమ్మరుసు చిన్నాదేవిని కూడ అంతఃపురమునకు చేర్చి, ఆ భవనమునకు మిక్కిలి యెత్తైన గోపురమువంటి మేడ నొకటి కట్టించి ఆమెకు విడిది చేసెను. వంశము కొరకు ఒక పెండ్లి, మాట కొరకు ఒక పెండ్లి! రాజు గెలిచెనా, మంత్రి గెలిచెనా యనిన, ఇరువురును గెలిచిరనియే లోకము చెప్పును. తిరుమలదేవి మనస్సును మాత్రము ఎవ్వరును విచారింపలేదు. కులీనయగుటయే ఆమె చేసిన యపరాధము. మఱియొకతెను తెచ్చుటకు ఆమెను ముందు నిలిపిరి. రాజునకును ఆమెకును నడుమ వచ్చిన యలుకను తీర్చుటకై తిమ్మన పారిజాతాపహరణమును, సత్యభామ కోపమును చెప్పెనను కథను మనవారు ముచ్చటగా చెప్పుకొందురు. ఆ యలుక వెనుక నేమున్నదో ముచ్చటపడువారు తలపోయరు.

ఇట్టి చిక్కులు ఒక్క మన దేశమున బుట్టినవి గావు. ఆరవ శతాబ్దమున రోమకసామ్రాజ్యమునకు వారసుడగు జస్టీనియను నటీమణియగు థియొడోరాను వరింపగా, ఆతని మేనమామయగు చక్రవర్తి జస్టినునకంటె చక్రవర్తిని యుఫీమియా గట్టిగా అడ్డుపడెను. ఆ యుఫీమియా యొకప్పుడు కొనబడిన దాసి! ఆమె చనిపోయిన తరువాతనే చట్టమును మార్పించి పెండ్లి జరిపిరి. 527 లో ఇరువురును కిరీటము ధరించిరి. ఇక నాధునికకాలమున, 1936 డిసెంబరులో, ఇంగ్లాండు రాజు ఎనిమిదవ ఎడ్వర్డు విడాకులు పొందిన యమెరికా వనితకొరకు సింహాసనమునే విడిచెను. అచ్చటి తిమ్మరుసు ప్రధానమంత్రి బాల్డ్విను. ఆయనకు మేడ కట్టించి సర్దుకొను వీలు లేకపోయెను. బహుభార్యాత్వము లేని దేశమున రాజు రెంటిలో నొకదానిని వదలుకొనక తప్పదు. మన రాయలకు తప్పినది. ఇది ఆతని ధైర్యమునకు ప్రశంస గాదు. ఆతని కాలము ఆతనికి చవుకగా నిచ్చిన సౌకర్యము, ఆ సౌకర్యపు వెల స్త్రీలు చెల్లించిరి.

కాని యొక్క సంగతి ఒప్పుకొనవలెను. మాట చెల్లించిన పిమ్మట రాయలు ఆమెను మేడలో దాచిపెట్టలేదు. రాణులకు మువ్వురకును అన్నిటను సమానమర్యాద జరుపుచుండిరనియు, ఒక్కొక్కరికి వేరు భవనమును, నగలతో నలంకరించిన యరువదిమంది కన్యలును ఉండిరనియు పేసు వ్రాసెను. శాసనములు ఇంకను గట్టిగా చెప్పుచున్నవి. 1513 ఫిబ్రవరి 10వ తేదీన రాయలు మొదటిసారి తిరుమలకు పోయినపుడు తిరుమలదేవి, చిన్నాదేవి ఇరువురును వెంట నుండిరి. స్వామికి పాలు ఆరగింపు చేయుటకై ఇరువురును బంగారుగిన్నెలను సమర్పించిరి. 1514 లో ఉదయగిరి వశమైన తరువాత 30,000 బంగారునాణెములతో రాయలు స్వామికి కనకాభిషేకము చేసెను. 1515 లో కొండవీడు పడినది. ఆ విజయముతో రాయలు అమరావతికి వచ్చి, కృష్ణాతీరమున అమరేశ్వరుని సన్నిధిని తులాపురుషదానము చేయగా, రాణు లిరువురును రత్నధేను, సప్తసాగర మహాదానములను చేసిరి. అనగా ఏ నింద వచ్చునని తిమ్మరుసు వణకెనో, ఆ నింద రాగూడిన వేలకొలది సేనానాయకుల యెదుట, అదియు తిమ్మరుసే సాధించిన దుర్గపు నీడలో, చిన్నాదేవి రాణిగా నిలిచి దానము చేసినది. మన తెనాలికి, బాపట్లకు, రేపల్లెకు ఎగువనున్న యా తీరమున నది జరిగినది. ఒక్క సామంతుడైనను సేనను మరలించుకొనిపోయినట్లు లేదు. మరుసటి యేడు సింహాచలమున రాయలు 991 ముత్యముల హారమును సమర్పించినపుడును రాణుల పేరులు ఆతని పేరుతోడనే శిలయందు చెక్కబడినవి.

నాగలాపురము సంగతి కూడ చెప్పవలెను. నేటి హొసపేట అదియే. కర్ణాటకమున 2021 లో ఏర్పడిన విజయనగరజిల్లాకు కేంద్రము. తల్లి నాగలాంబ పేర ఆ యూరు కట్టించెనని మనవారందురు. వలచిన దేవికొరకు కట్టించెనని పేసు, నూనిజు ఇరువురును అందురు. పేరును బట్టి చూడగా తల్లిపక్షమే సరియని తోచును గాని, నగరమున ఆ కాలపు జనులు దానిని చిన్నాదేవి యూరుగా చెప్పుకొనుచుండి రనుటయు విలువగల సాక్ష్యమే. నిడివి 4,700 అడుగువేతలు, వెడల్పు 40 అడుగువేతలు గల రాజవీథి, ఇరువైపుల రాతికట్టడపు టిండ్లు, ప్రభువులందరును తలకొక మేడ కట్టవలెనను నాజ్ఞ, సరకుల సుంకమువలననే 45,000 వరహాల రాబడి: ఇది నూనిజు నాటి లెక్క. వేశ్యను పెండ్లాడినందుకు అలుగుదురని యెవరిని గూర్చి భయపడిరో ఆ ప్రభువులే ఆమె పేరు చెప్పుకొను వీథిలో సొంతసొమ్ముతో మేడలు కట్టిరన్నమాట.

ఇక రాచపెండ్లిండ్లవలన నేమి కలిగినదో చూతము. గజపతితో సంధి కుదిరినపుడు ఆతని కూతురు రాయలకు భార్యయై వచ్చెను. కృష్ణకు ఉత్తరమున గెలిచిన సీమలను రాయలు తిరిగి యిచ్చివేసెను. కులమున నామెకు సాటివచ్చువారు లేరు. ఆ పెండ్లికి పెద్దలలో అడ్డుచెప్పినవాడును లేడు. తుక్కాదేవి యని లోకము పిలుచు ఆ రాణి భర్తృనిరాదరణకు గురియై కంభమున ఒంటరిగ జీవితము గడపెననియు, తుక్కాపంచకమను నైదు సంస్కృతశ్లోకములు ఆమె నిట్టూర్పులే యనియు ప్రతీతి.

అంతకంటె ఘోరమైనది తిరుమలదేవి కడుపుపంట విషయమున జరిగినది. వంశమర్యాద చెడకుండ పుట్టిన బిడ్డ ఆతడు. దేనికొరకు తిమ్మరుసు ఆ పెండ్లి చేసెనో దాని ఫలము. 1524 లో ఆరేండ్ల యా తిరుమలరాయనికి పట్టము గట్టి, రాయలు తానే మంత్రిస్థానమున నిలిచెను. ఎనిమిదిమాసముల పాటు ఉత్సవములు సాగినవి. అంతలో బాలుడు జబ్బుపడి చనిపోయెను. తిమ్మరుసు కొడుకు విషము పెట్టించెనని రాజునకు నమ్మకము కలిగెను. నిండుసభలో ఆ వృద్ధుని, ఆయన కుమారులను బంధించిరి. చెరనుండి ఒక కుమారుడు తప్పించుకొనిపోయి అలజడి చేయగా, మరల పట్టి తెచ్చి, బ్రాహ్మణవధ కూడదు గనుక, తండ్రికొడుకుల కన్నులు తీయించిరి. తిమ్మరుసు చెరలోనే మరణించెను. ఇదియు నూనిజు చెప్పినదే. విషపుమాటను నమ్మని చరిత్రకారులు కలరు. ఈ వ్రాతగానికిని అది నమ్మశక్యముగా లేదు. ముప్పదియేండ్ల సేవ చేసిన మనుష్యుడు ఆరేండ్ల బిడ్డను చంపించి సాధించునదేమున్నది? కాని యెవని కన్నులు కాపాడుటకు మేకకన్నులు చూపెనో, వాని యాజ్ఞచేతనే తన కన్నులు పోగొట్టుకొనెనను నింద మాత్రము ఆ రాజు కీర్తినుండి తొలగలేదు. పెద్దవాని మాట కాదని ప్రేమించిన యువకుని మనము క్షమింపవచ్చును. ఆ పెద్దవానిని అనుమానమాత్రమున గ్రుడ్డివానిగ జేసిన నడివయస్సు రాజును క్షమించుట కష్టము.

ఈ సర్వనాశమున చిన్నాదేవి ప్రసక్తి యెచ్చటను లేదు. కుట్రలో ఆమె పేరు లేదు. వారసత్వపుతగవులో ఆమె బిడ్డ లేడు. 1529 లో రాయలు మరణించునాటికి మిగిలిన కొడుకు పదునెనిమిది మాసముల శిశువు. చంద్రగిరికోటలో తాను బంధించియుంచిన తమ్ముడు అచ్యుతునికే రాజ్యము నొప్పగింపవలసివచ్చెను. అన్నదమ్ముల నడుమ నుండిన ఆ కోట గోడలను ఏ కులీనవివాహమును పగులగొట్టలేకపోయెను.

ఆమె కులమునకు జరిగిన యన్యాయమును చట్టము గుర్తించుటకు మరి నాలుగువందల యేండ్లు పట్టినది. దేవాలయములకు బాలికల నర్పించు నాచారమును మద్రాసు శాసనసభ 1947 లో నిషేధించినది. ఆ చట్టము చర్చకు వచ్చిన దినములలో ఆ యాచారమును మన సంస్కృతియని సమర్థించిన పండితులు లేకపోలేదు. వారు రాయలను కొనియాడుటలో నెవ్వరికిని తీసిపోవువారు గారు. రాయలు ఆ సంస్కృతి గోడను తన యింటివరకైనను పగులగొట్టెనని మాత్రము వారికి జ్ఞప్తికి రాలేదు.

తెనాలిలోనో బాపట్లలోనో రైలెక్కి తిరుపతికి పోవు మనవారు, రేపల్లెనుండి వచ్చి తెనాలిలో బండి మారువారు, కొండ యెక్కి మహాద్వారము దాటగానే కుడిచేతివైపు ఒక్కనిమిషము చూడవలెను. నిలువెత్తు రాగివిగ్రహములు మూడు చేతులు జోడించి నిలిచియున్నవి. నడుమ రాయలు, ఇరుప్రక్కల ఇద్దరు రాణులు. పేసు చెప్పిన మశూచికపు మచ్చలు ఆ రాజు ముఖమున శిల్పి చూపలేదు. రాణుల యిద్దరి నడుమ ఎత్తునగాని నగలలోగాని ఎక్కువతక్కువలు కూడ చూపలేదు. పేరులు మాత్రము భుజములపై చెక్కియున్నవి. వెనుకనుండి జనము త్రోయుచుందురు. ఆ పేరులలో నొకటి చిన్నాదేవి.